ప్రమోషన్ ఇవ్వాలనుకున్న మనిషికి ఇబ్బంది పెట్టే అలవాటు ఉంటే ఏం చేయాలి?

"పనిలో వంక పెట్టడానికి లేదండీ, కానీ ఆ అలవాటుతోనే వచ్చింది చిక్కు." అప్రైజల్ దగ్గరపడేకొద్దీ టీమ్ మేనేజర్లు, చిన్న కంపెనీల యజమానులు, హెచ్ఆర్‌లో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ మళ్లీ తెచ్చే సమస్య ఇది. రెండు వాక్యాలకోసారి గొంతు సవరించుకుంటారు. మీటింగ్ సాగినంతసేపూ పెన్ను టకటకలాడిస్తారు. కాలు ఊపితే పక్కవాళ్ల మానిటర్ కదులుతుంది. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే అందుకుంటారు. ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, లేదా దగ్గరికి వస్తే జర్దా వాసన.

చాలా ఆఫీసుల్లో ఈ సంగతి ఆ మనిషికి ఎవరూ చెప్పరు. ప్రమోషన్ ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఎందుకని అడిగితే "లీడర్‌షిప్ ఇంకా పెరగాలి" అని దాటవేస్తారు. అసలు కారణమే తెలియనివాళ్లు దేన్ని దిద్దుకుంటారు? ఇది అన్యాయం, పైగా మంచి ఉద్యోగిని పోగొట్టుకునే దారి. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు కదా, ఇక్కడ ఆది అంటే నిర్ణయానికి కనీసం మూడు నెలల ముందు. మార్చిలో తేల్చాలంటే డిసెంబరులోనే మాట్లాడి ఉండాలి.

కింద చెప్పే పద్ధతికి ఉదాహరణగా, టీమ్ లీడ్ పోస్టుకు అనుకుంటున్న ఒక సీనియర్ ఉద్యోగిని తీసుకుందాం. అలవాటు గొంతు సవరించుకోవడం. కొత్త పోస్టులో రోజుకు మూడు క్లయింట్ కాల్స్ ఉంటాయి.

కావలసినవి

- కొత్త పోస్టు పనుల జాబితా, ఒక పేజీలో. ఇప్పుడున్న పోస్టుది కాదు.
- గత ఏడాది రేటింగులు, వచ్చిన ఫీడ్‌బ్యాక్.
- మీ ఒక్కరి దగ్గరే ఉండే చిన్న నోట్‌బుక్.
- లెక్క కోసం రెండు వారాలు, మార్పు కోసం 8 నుంచి 12 వారాలు.
- తలుపు మూసుకునే గది, 20 నిమిషాలు. గాజు గోడల క్యాబిన్ అయితే ఆ మనిషి వీపు బయటివాళ్లవైపు ఉండేలా కుర్చీ వేయండి.
- హెచ్ఆర్‌లో నోరు జారని ఒక్క మనిషి.

1. ముందు ఇది అలవాటేనా అని తేల్చుకోండి

యాస అలవాటు కాదు. శ్రీకాకుళం యాస, నల్గొండ యాస, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు వినిపించే తెలుగు యాస, వీటిలో దేన్నీ "దిద్దుకోవాల్సిన అలవాటు" కింద రాయకూడదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నల్లబట్టల్లో చెప్పుల్లేకుండా రావడం, రంజాన్ నెలలో నమాజుకు వెళ్లి రావడం, లంచ్ బాక్సులో ఎండుచేపల కూర తేవడం కూడా అంతే. వీటివల్ల మీకు చిరాకు కలిగితే దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.

రెండోవైపు, అలవాటు అనిపించుకోనంత తీవ్రమైనవీ ఉంటాయి. తోటి ఉద్యోగినుల భుజం మీద చేయి వేయడం, వాళ్ల బట్టల మీద వ్యాఖ్యలు చేయడం లాంటివి "అతని తీరే అంత" అని సర్దుకునేవి కావు. అవి పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కిందికి వస్తాయి. 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, విషయం అక్కడికే వెళ్లాలి. అలాంటప్పుడు ఈ గైడు పక్కన పెట్టండి.

ఇక మూడోది ఆరోగ్యం. నత్తి, కళ్లు లేదా భుజాలు అదురుతుండటం, తెలియకుండానే శబ్దాలు రావడం వంటివి నరాలకు, మాటకు సంబంధించినవి కావచ్చు. గొంతు సవరించుకోవడం వెనక అలర్జీ ఉండొచ్చు, కడుపులో పులుపు పైకి తన్నడం ఉండొచ్చు. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. కాలు ఊపడానికి ఇనుము లోపం కారణమయ్యే సందర్భాలున్నాయి. ఇవన్నీ చెబుతున్నది మీరు రోగ నిర్ధారణ చేయడానికి కాదు. "ఇది కావాలని చేస్తున్నది కాకపోవచ్చు" అన్న ఎరుకతో గదిలోకి వెళ్లడానికి.

హెచ్చరిక: దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మాట, భాషకు సంబంధించినది ఒకటి. వైకల్యం ఒక్కటే కారణంగా పదోన్నతి నిరాకరించకూడదని ఆ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ అంటుంది. అనుమానం ఉంటే నిర్ణయానికి ముందే హెచ్ఆర్‌ను, అవసరమైతే న్యాయవాదిని అడగండి.

2. కొత్త పోస్టు పనుల పక్కన అలవాటును పెట్టి చూడండి

పనుల జాబితాలో ఒక్కో వరుసకు ఎదురుగా "తగులుతుంది" లేదా "తగలదు" అని రాయండి. మన ఉదాహరణలో షిఫ్టు రోస్టర్ వేయడానికి గొంతు సవరింపు తగలదు. టికెట్లు (క్లయింట్ల నుంచి వచ్చే ఫిర్యాదులు, పనులు) టీమ్‌కు పంచడానికీ తగలదు. కొత్తవాళ్లకు పని నేర్పడంలో కొద్దిగా, క్లయింట్ కాల్స్‌లో గట్టిగా తగులుతుంది.

ఇక్కడ మూడు ఫలితాలు రావచ్చు. ఏ వరుసకూ తగలకుండా మీ ఒక్కరికే చిరాకుగా ఉంటే వదిలేయండి, ప్రమోషన్ చర్చలో ఆ ఊసే రాకూడదు. పక్క సీటువాళ్లకు ఇబ్బందే గానీ కొత్త పోస్టుకు సంబంధం లేదంటే, సీటో సామానో మార్చి సరిచేయండి (5వ అంచె చూడండి). దాన్నీ ప్రమోషన్‌తో ముడిపెట్టొద్దు. ముఖ్యమైన పనికి తగిలితేనే తర్వాతి అంచెలు అవసరం.

3. రెండు వారాలు లెక్కపెట్టండి

"ఎప్పుడూ చేస్తూనే ఉంటారు" అనేది లెక్క కాదు. ఒకే రకం మీటింగులు మూడు ఎంచుకోండి, ఒక్కోటి 30 నిమిషాలవి. వినిపించినప్పుడల్లా నోట్‌బుక్‌లో ఒక గీత, అయిదో గీత అడ్డంగా. దాంతోపాటు ఆ మనిషి సుమారు ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాయండి. ఇది మర్చిపోతే తర్వాత పోలిక తప్పుతుంది. ఇంకో గడిలో ప్రభావం రాయండి. అవతలివాళ్లు "మళ్లీ చెప్పండి" అని ఎన్నిసార్లు అడిగారు, మాట ఎక్కడ తెగింది.

ఉదాహరణకు ఒక మీటింగు నోటు ఇలా ఉంటుంది: "మంగళవారం, 11 గంటల కాల్. మాట్లాడింది 12 నిమిషాలు. 36 సార్లు. క్లయింట్ రెండుసార్లు మళ్లీ చెప్పమన్నారు, రెండూ అంకెలు చెప్పే చోటే." అంటే నిమిషానికి 3. నోటులోని చివరి ముక్కే అన్నిటికన్నా విలువైనది. అంకెలు చెప్పేటప్పుడు అలవాటు పెరుగుతోందంటే ఆ మనిషికి ఆ చోట కంగారు ఉందని అనుకోవచ్చు. మందు అక్కడ వేయాలి.

చాటుగా రికార్డు చేయకండి. పక్కవాళ్లను "నీకూ వినిపిస్తోందా?" అని అడగకండి. అడిగిన సాయంత్రానికే అది క్యాంటీన్‌లో కబురవుతుంది.

4. మాట్లాడండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్పాలి.

సమయం: వారం మధ్యలో, సాయంత్రం నాలుగు దాటాక. మాట్లాడిన వెంటనే ఆ మనిషి అందరి మధ్యకు వెళ్లి క్లయింట్ కాల్ ఎత్తాల్సిన పరిస్థితి రాకూడదు. శుక్రవారం వద్దు, రెండు రోజులు ఇంట్లో ఒంటరిగా మథనపడతారు, అడగడానికి మీరు దొరకరు. అప్రైజల్ మీటింగ్‌లో కలిపి చెప్పడం అసలే వద్దు.

పిలుపు: రోజూ "నువ్వు" అనే మనిషిని ఆ గదిలో హఠాత్తుగా "మీరు" అంటే, విషయం వినకముందే గుండె జారిపోతుంది. రోజూ ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. మీకన్నా వయసులో పెద్దవాళ్లయితే "గారు" ఎలాగూ ఉంటుంది. బల్లకు అవతలి పక్క కాకుండా పక్క కుర్చీలో కూర్చోండి. వాసన, శుభ్రత లాంటి విషయాలైతే, ఉద్యోగిని అయినప్పుడు ఒక మహిళా సీనియర్ చేత చెప్పించడం మంచిది. కానీ మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఇద్దరు ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది.

మాట: మొదటి రెండు నిమిషాల్లోనే విషయంలోకి రండి. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అన్నట్టు చుట్టూ తిప్పితే, ఆ మనిషి బయటికి వెళ్లాక "ఇంతకీ ఏం చెప్పారు?" అనుకుంటారు. ఇలా చెప్పొచ్చు:

"ఒక విషయం నేరుగా చెప్పాలండీ. చెప్పడం నాకూ ఇబ్బందిగానే ఉంది, కానీ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. టీమ్ లీడ్ పోస్టుకు చూస్తున్న పేర్లలో మీ పేరుంది. క్లయింట్ కాల్స్‌లో మాట్లాడేటప్పుడు మీరు తరచూ గొంతు సవరించుకుంటున్నారు. మొన్న మంగళవారం కాల్‌లో ముప్ఫై సార్లకు పైగా విన్నాను. అంకెలు చెప్పే చోట వాళ్లు రెండుసార్లు మళ్లీ చెప్పమన్నారు. ఇది మీ దృష్టికి వచ్చిందా?"

ఆ తర్వాత మీరు నోరు మూసుకోవాలి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం భరించలేక "అదేం పెద్ద విషయం కాదులెండి" అని మీరే సర్దేస్తే, చెప్పిందంతా నీళ్లపాలు.

వచ్చే జవాబులు సాధారణంగా ఇలా ఉంటాయి.

"నాకు తెలియనే తెలియదు సార్." చాలామందికి నిజంగానే తెలియదు. నమ్మండి. లెక్క చూపించండి, నోట్‌బుక్ అంతా ముందు పరచకండి, ఒక్క మీటింగు చాలు.

"ఎవరు చెప్పారు?" జవాబు ఒక్కటే: "నేనే విన్నాను." అందుకే 3వ అంచె మీరే చేయాలి. "అందరూ అంటున్నారు" అన్నారంటే, ఆ మనిషి రేపటినుంచి ప్రతి ముఖంలోనూ ఆ "అందరి"నీ వెతుక్కుంటారు.

"డాక్టరు దగ్గర చూపించుకుంటున్నాను." అక్కడితో వివరాలు అడగడం ఆపండి. మందుల చీటీ చూపమనకండి. "నా వైపునుంచి ఏం కావాలి?" అని మాత్రం అడగండి. హాస్పిటల్‌కు వెళ్లడానికి పూట సెలవు ఇవ్వండి. ఈఎస్ఐ ఉన్నవాళ్లయితే డిస్పెన్సరీకి పనివేళల్లో వెళ్లాల్సి రావచ్చు, ఆ వెసులుబాటు చూడండి.

కళ్లనీళ్లు పెట్టుకుంటే నీళ్ల గ్లాసు ఇచ్చి కూర్చోండి. "రేపు మాట్లాడదాం" అని చెప్పి, ఆ రేపు మాత్రం తప్పకండి. కోపం వస్తే వాదించొద్దు, విన్నది ఇంకోసారి నెమ్మదిగా చెప్పి ఆపండి.

హెచ్చరిక: "ఇది మానుకుంటే ప్రమోషన్ మీదే" అనొద్దు. అది వాగ్దానం అవుతుంది. అనాల్సింది: "కొత్త పోస్టులో రోజూ మూడు కాల్స్ ఉంటాయి కాబట్టి ఇది కూడా చూస్తాం. ఇదొక్కటే తేల్చేది కాదు."

5. మనిషికన్నా ముందు సామాను మార్చి చూడండి

సగం సమస్యలు ఇక్కడే తగ్గే అవకాశం ఉంది, ఖర్చూ తక్కువ.

గొంతు సవరించుకునేవాళ్ల సీటు మీదికి ఏసీ గాలి నేరుగా కొడుతోందేమో చూడండి. పొడిగాలి గొంతును ఇంకా గరగరలాడిస్తుంది. బల్లమీద నీళ్ల సీసా ఉంచమనండి. సవరించుకోవాలనిపించినప్పుడు ఒక గుక్క మింగితే ఆ కోరిక తగ్గుతుంది. హెడ్‌సెట్ మైకు నోటికి సూటిగా కాకుండా పెదవి మూలకు పక్కగా, రెండు వేళ్ల దూరంలో ఉండాలి. ఊపిరి చప్పుళ్లు చాలావరకు తగ్గుతాయి. కాల్‌లో మ్యూట్‌లో ఉండి, మాట్లాడేటప్పుడే తెరిచే అలవాటు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో విండోస్ మీద కంట్రోల్, స్పేస్‌బార్ కలిపి నొక్కి ఉంచినంతసేపు మైకు తెరుచుకుంటుంది. జూమ్‌లో సెట్టింగ్ పెట్టుకుంటే ఒక్క స్పేస్‌బార్ చాలు.

కాలు ఊపేవాళ్ల దగ్గర బల్ల చూడండి. ఆరుగురికి ఒకే చెక్క బిగించిన వరుస బల్లలైతే ఒకరి కాలు కదిలితే అందరి స్క్రీన్లూ కదులుతాయి. విడి బల్ల ఇస్తే పక్కవాళ్ల ఇబ్బంది అక్కడికక్కడే తీరుతుంది. టకటక పెన్నుకు బదులు మూత ఉన్న పెన్ను. స్పీకర్‌లో ఫోన్ మాట్లాడేవాళ్లకు ఇయర్‌ఫోన్, ఒక చిన్న గది. కూనిరాగం తీసేవాళ్లకు ఏ ఏర్పాటూ అక్కర్లేదు, చెబితే చాలాసార్లు ఆగుతుంది.

మాట మధ్యలో అందుకునేవాళ్లకు సామానుతో పని జరగదు. ఎదుటివాళ్లు ఆపాక చేతిలోని పెన్ను బల్లమీద పెట్టి, అప్పుడే నోరు తెరవాలి అనే చిన్న నియమం పెట్టుకోమనండి.

6. "మానెయ్" అనకండి, బదులు పని ఇవ్వండి

1973లో అజ్రిన్, నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ముందు అలవాటు మొదలయ్యే క్షణాన్ని గుర్తుపట్టడం, ఆ క్షణంలో దానికి అడ్డుపడే ఇంకో పని చేయడం. గోళ్లు కొరికేవాళ్లు పిడికిలి బిగించడం, మెటికలు విరిచేవాళ్లు అరచేతులు తొడల మీద పరచడం, ఊతపదం వాడేవాళ్లు ఆ చోట మౌనంగా ఒక ఊపిరి తీసుకోవడం. ఏది కుదురుతుందో ఆ మనిషినే ఎంచుకోనివ్వండి.

గుర్తుచేయడానికి సైగ కావాలా అని అడగండి. కావాలంటే మీ ఇద్దరికే తెలిసేది ఒకటి పెట్టుకోండి, చాట్‌లో ఒక చుక్క పంపడం లాంటిది. వద్దంటే వద్దు. నరాలకు సంబంధించిన అదురు అయితే సైగ అసలే వద్దు. గమనిస్తున్నారని తెలిస్తే అది ఇంకా పెరగవచ్చు.

7. గడువు 8 నుంచి 12 వారాలు

21 రోజుల్లో ఏ అలవాటైనా మారుతుందన్న మాట నమ్మి మూడు వారాలు ఇవ్వకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందితో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా లెక్కతేలింది. మధ్యస్థం 66 రోజులు. పాతదాన్ని వదలడం అంతకన్నా తేలికని అనుకోవడానికి కారణం లేదు.

రెండు వారాలకోసారి పది నిమిషాలు కూర్చోండి. మొదటి మాట ఆ మనిషిదే కావాలి: "మీకెలా అనిపిస్తోంది?" మధ్యలో ఎక్కడైనా తగ్గితే ఆ రోజే చెప్పండి. "ఇవాళ కాల్‌లో అంకెలు తెగకుండా చెప్పారు" అంటే చాలు.

8. మళ్లీ లెక్కపెట్టి తేల్చండి

అదే రకం మీటింగులు మూడు, అవే గీతలు. మొత్తం గీతలను పోల్చకండి, నిమిషానికి ఎన్ని అన్నది పోల్చండి. ఎందుకంటే కొందరు అలవాటు తగ్గించలేక మాట్లాడటమే తగ్గిస్తారు. 36 గీతలు 8 అయ్యాయని సంతోషించే ముందు, మాట్లాడింది 12 నిమిషాల నుంచి 3 నిమిషాలకు పడిపోయిందేమో చూడండి. అదే జరిగితే నిమిషానికి లెక్క దాదాపు అక్కడే ఉంది, పైగా ఒక మంచి గొంతు మీటింగులోంచి మాయమైంది. వెంటనే కూర్చోబెట్టి "మీ మాట మాకు కావాలి, అలవాటు ఉన్నా పర్వాలేదు, మాట్లాడండి" అని చెప్పాలి.

సున్నా అక్కర్లేదు. నిమిషానికి 3 ఉన్నది 1కి వచ్చి, "మళ్లీ చెప్పండి" అనడం ఆగిపోతే పని అయినట్టే. మీ చెవిని మాత్రం పూర్తిగా నమ్మకండి. ఒకసారి పట్టించుకున్న చప్పుడు తగ్గినా అంతే వినిపిస్తున్నట్టు ఉంటుంది. కాల్‌లో ఉన్న ఇంకో మేనేజర్‌ను "ఇవాళ కాల్ ఎలా జరిగింది?" అని మాత్రమే అడగండి, అలవాటు పేరెత్తకండి. వాళ్లంతట వాళ్లు దాని గురించి అనకపోతే అదే మీకు జవాబు.

సగమే తగ్గి, మిగతా అర్హతలన్నీ ఉంటే మూడు నెలలు యాక్టింగ్ (తాత్కాలిక) లీడ్‌గా పెట్టి చూడొచ్చు. లేదా క్లయింట్ కాల్స్ ఇంకొకరికి అప్పగించి, మిగతా పనితో లీడ్ చేయొచ్చు. అన్ని కంపెనీల్లో కుదరదు గానీ, కుదిరే చోట అడిగి చూడని మేనేజర్లే ఎక్కువ.

ఎక్కువగా జరిగే తప్పులు

అందరికీ కలిపి "దయచేసి శుభ్రత పాటించండి" అని మెయిల్ పంపడం. ఎవరికోసం పంపారో ఆ ఒక్కరికి తప్ప మిగతా అందరికీ తాకుతుంది. రోజూ రెండుపూటలా స్నానం చేసి వచ్చే మనిషి తన చొక్కా వాసన చూసుకుంటూ కూర్చుంటారు.

బల్లమీద ఎవరూ చూడకుండా మౌత్‌ఫ్రెష్‌నరో డియోడరెంటో పెట్టడం. మీకది సాయంలా అనిపించవచ్చు. పొద్దున్నే వచ్చి దాన్ని చూసిన మనిషికి మాత్రం అవమానం, పైగా ఎవరు పెట్టారో తెలియని అవమానం.

వాళ్ల ఊరివాళ్లతోనో, ఉద్యోగం పెట్టించిన బంధువుతోనో చెప్పించడం. చిన్న సంస్థల్లో ఇది బాగా జరుగుతుంది. మాట ఇంటికి చేరేసరికి "నీ ఉద్యోగం పోయేలా ఉందట" అని మారిపోతుంది.

టీమ్ పెట్టిన ముద్దుపేరుకు మీరూ నవ్వడం. మేనేజర్ నవ్విన రోజునుంచి అది ఆఫీసు పేరైపోతుంది. తర్వాత గదిలో ఎంత గౌరవంగా మాట్లాడినా ఆ మనిషికి ఆ నవ్వే గుర్తుంటుంది. ఇప్పటికే నవ్వి ఉంటే, మాట్లాడే రోజు మొదట దానికి క్షమాపణ చెప్పండి.

అలవాటును అప్రైజల్ ఫారంలో విశేషణంగా రాయడం. "చిరాకు పుట్టించే తీరు" అని రాయకూడదు. "క్లయింట్ కాల్స్‌లో స్పష్టత: డిసెంబరులో ఇలా, మార్చిలో ఇలా" అని రాయాలి. ఆరోగ్యం సంగతి ఏదైనా చెప్పి ఉంటే అది ఫారంలోకి అసలు రాకూడదు.

ప్రమోషన్ ఇవ్వలేకపోతే

ప్రకటన మెయిల్ వెళ్లకముందే, అదే గదిలో, మీరే చెప్పండి. ఏయే కారణాలున్నాయో వాటి బరువు ప్రకారం చెప్పండి. అసలు కారణం ఎదుటి అభ్యర్థికి ఉన్న అనుభవమైతే అదే చెప్పండి, తేలిగ్గా దొరికింది కదా అని అలవాటు మీదికి నెట్టకండి. అలవాటే కారణమైతే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి, వచ్చేసారి మళ్లీ ఎప్పుడు చూస్తారో నెలతో సహా చెప్పండి. ఆ నెలను అక్కడే, ఆ మనిషి ముందే మీ క్యాలెండర్‌లో పెట్టండి.